తాత తలె వేరెందుకు?

పాఠకుల ప్రశ్నలకు ఈ పేజీలో జవాబులు రాస్తున్నవారు కుష్టు నివారణ కార్యక్రమంలో పారామెడికల్ వర్కర్‌గా ముప్పై ఏళ్లకు పైగా పరకాల, ములుగు, నర్సంపేట ప్రాంతాల్లో పనిచేశారు. ఇప్పుడు హన్మకొండలో ఉంటున్నారు. ఉత్తరాలు రాసినవారి కోరిక మీద వారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మాది జమ్మికుంట దగ్గర పల్లెటూరు. మా మామయ్యకు డెబ్బై రెండేళ్లు. ముప్పై ఏళ్ల కింద ఆయనకు కుష్టు వచ్చిందట. సర్కారు దవాఖానలో మందులు వాడితే తగ్గిపోయిందని చెప్పారట. ఎడమ చేతి చివరి రెండు వేళ్లు ముడుచుకుపోయాయి. కాలికి అప్పుడప్పుడు పుండు అవుతుంది. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంటాడు. తలె వేరు, చెంబు వేరు. నేను కోడలిగా వచ్చినప్పటి నుంచి ఇట్లాగే నడుస్తోంది. ఇప్పుడు మా పెద్ద బిడ్డకు సంబంధం వచ్చింది. వాళ్లు చూడటానికి వచ్చే రోజు మామయ్యను ఎక్కడికైనా పంపించాలని మా ఆడిబిడ్డ అంటోంది. ఆయన ఏమీ అనలేదు గానీ, మొన్న తన బట్టలు సంచిలో సర్దుకుంటుంటే చూసి నాకు ఏడుపు ఆగలేదు. అది మళ్లీ అంటుతుందా? పిల్లకు వస్తుందా? మగపిల్లవాడి వాళ్లకు ఏం చెప్పాలి?

జవాబు: చెల్లె, ముందు ఆ సంచి విప్పించు. మిగతా మాటలు తర్వాత మాట్లాడుకుందాం. మనుమరాలి లగ్గానికి తాను అడ్డమని ఒక పెద్దమనిషి తన బట్టలు తానే సర్దుకుంటున్నాడంటే, ఆ ఇంట్లో ఎవరూ నోరు విప్పకుండానే ఆయనకు ఎంత చెప్పి ఉంటారో నాకు అర్థమవుతోంది. నిన్ను తప్పు పట్టడం లేదు. నువ్వు కాపురానికి వచ్చేసరికే ఆ షెడ్డు ఉంది. కానీ ఆ సంచిని చూసి ఏడ్చింది నువ్వు, ఉత్తరం రాసింది నువ్వు. అందుకే నీకే చెబుతున్నాను.

అంటుతుందా అని అడిగావు. అంటదు. కుష్టు ఒక సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు. దాన్ని 1873లోనే నార్వే దేశపు డాక్టరు హాన్సెన్ కనిపెట్టాడు. మందు వాడని మనిషితో ఏళ్ల తరబడి దగ్గరగా మసిలితే, ఆ మనిషి ముక్కు, నోటి తుంపర్ల వల్ల సోకవచ్చు. అప్పుడు కూడా నూటికి 95 మందికి దాన్ని తట్టుకునే శక్తి ఒంట్లోనే ఉంటుంది. మందు మొదలుపెట్టాక ఆ మనిషి నుంచి ఇంకొకరికి సోకడం ఆగిపోతుంది. ముట్టుకుంటే రాదు, ఒకే తలెలో తింటే రాదు, తాత నుంచి మనుమరాలికి రక్తంలో దిగదు. మీ మామయ్య మందుల కోర్సు ముగించి ముప్పై ఏళ్లయింది. ఆయన ఒంట్లో ఇప్పుడు కుష్టు లేదు.

మరి ఆ వేళ్ల సంగతేమిటి అంటావు. మోచెయ్యి ఎప్పుడైనా దర్వాజకు తగిలితే చిటికెన వేలు దాకా కరెంటు కొట్టినట్టు జిల్లుమంటుంది కదా. అక్కడ చర్మం కిందనే ఒక నరం పోతుంది. కుష్టు క్రిమి దాడి చేసేది ఎక్కువగా అటువంటి నరాల మీదనే. ఆ నరం దెబ్బతింటే చిటికెన వేలు, ఉంగరం వేలు ముడుచుకుపోతాయి. నువ్వు రాసింది సరిగ్గా ఆ రెండు వేళ్ల గురించే. క్రిమి చచ్చినా, చచ్చిన నరం తిరిగి బతకదు. నిప్పు ఎప్పుడో ఆరింది, కాలిన మచ్చ మిగిలింది, అంతే.

ఆయన మందులు వాడిన కాలం నాకు బాగా తెలుసు. మూడు రకాల మందులు కలిపి ఇచ్చే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సూచించింది. మన పల్లెలకు అది మెల్లగా వచ్చింది. ఇప్పుడు జబ్బు తీరును బట్టి ఆరు నెలలు, లేదా ఏడాది వాడితే చాలు. అప్పట్లో ఎక్కువ మచ్చలున్నవారికి రెండేళ్లు వాడించేవాళ్లం. ఒక మందుకు మూత్రం ఎర్రగా వచ్చేది. రక్తం పోతోందని హడలిపోయి మాత్రలు గడ్డివాములో పారేసినవాళ్లను చూశాను. ఇంకో మందుకు ఒళ్లు నల్లబడేది. ఆ నలుపు చూసి ఊరంతా పసిగడుతుందని, కోర్సు అయ్యేదాకా ఇంట్లోంచి కాలు బయట పెట్టనివాళ్లు ఉన్నారు. అంత టెన్షన్‌లోనూ మీ మామయ్య కోర్సు పూర్తి చేశాడు. ఆయన మందులు వాడటం వల్లే అది మీ ఇంట్లో ఇంకొకరి దాకా రాలేదు. ఈ మాట మీ ఇంట్లో ఎవరైనా ఆయనతో ఎప్పుడైనా అన్నారా?

నా సంగతి ఒకటి చెప్పాలి. 1986లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, పరకాల దిక్కు ఒక ఊళ్లో ఒక అవ్వ ఉండేది. నెలనెలా మాత్రలు ఇవ్వడానికి సైకిల్ మీద పోయేవాణ్ని. మొదటిసారి పోయినప్పుడు చాయ్ పెట్టి తెచ్చింది. "ఇప్పుడే తాగొచ్చిన అవ్వా" అన్నాను. అబద్ధం. పొద్దున్నుంచి నోట్లో చుక్క పడలేదు. ట్రైనింగ్ తీసుకుని, అది అంటదని పదిమందికి చెప్పే ఉద్యోగంలో ఉండి కూడా నా చెయ్యి ఆ గ్లాసు దాకా పోలేదు. తర్వాతి నెల పోతే ఆమె చాయ్ సంగతి ఎత్తలేదు. ఆ మరుసటి నెల కూడా ఎత్తలేదు. మాత్రలు కొంగున కట్టుకుని "పోయిరా బిడ్డా" అనేది. నాలుగో నెల నేనే అడిగాను, "అవ్వా, చాయ్ పొయ్యవా?" అని. నా మొఖం దిక్కు కొంచెంసేపు చూసి లోపలికి పోయింది. బూడిదతో గ్లాసు తోముతున్న చప్పుడు వినిపించింది. తోమింది, కడిగింది, మళ్లీ తోమింది. నాకోసం అన్నిసార్లు తోముతోందని తెలిసి గడప దగ్గర కూర్చున్నవాణ్ని తల ఎత్తలేకపోయాను. ఆ తర్వాత నా ఉద్యోగంలో ఏ కుష్టు రోగి ఇంట్లోనూ చాయ్ వద్దనలేదు.

అందుకే తలె గురించి ఇంత పట్టుపడుతున్నాను. మీ ఇంట్లో ఆయనకు వేరుగా ఉండాల్సిన వస్తువు ఒక్కటే, పిడి ఉన్న కప్పు. ఆయన వేళ్లకు వేడి తెలియదు. స్టీలు గ్లాసులో పొగలు కక్కే చాయ్ ఇస్తే చర్మం కాలి బొబ్బ లేచేదాకా ఆయనకు తెలియదు. అందుకని పిడి కప్పు. తలె మాత్రం అందరి తలెల్లో ఒకటి తీసి పెట్టు. ఎవరు దేంట్లో తిన్నారో గుర్తు లేకుండా అన్నీ ఒకే దగ్గర తోమాలి.

కాలి పుండు కూడా జబ్బు తిరగబెట్టడం వల్ల కాదు. స్పర్శ లేని పాదానికి రాయి గుచ్చుకున్నా, చెప్పు మేకు దిగినా నొప్పి తెలియదు, దాని మీదనే నడుస్తాడు. రోజూ సాయంత్రం ఒక టబ్బులో మామూలు నీళ్లు పోసి ఇరవై నిమిషాలు పాదాలు నానబెట్టించు. వేడినీళ్లు వద్దు. మందంగా గట్టిపడిన చోట గరుకు రాయితో మెల్లగా రుద్ది, తడి ఆరకముందే కొబ్బరినూనె రాయాలి. పుండు ఉన్న రోజుల్లో మాత్రం నానబెట్టకుండా దవాఖానలో చూపించి కట్టు కట్టించు. లోపల మెత్తటి రబ్బరు ఉండే ఎంసీఆర్ చెప్పులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ద్వారా ఉచితంగా ఇస్తారు. మీ ఆశా కార్యకర్తను అడుగు. పాదం అడుగు భాగం రోజూ చూడాలి. ఆయనకు వంగి చూసుకోవడం కష్టం, ఎవరో ఒకరు చూడాలి. ఆ పని మనుమరాలికి అప్పజెప్పు. పెళ్లయి వెళ్లేలోగా కొన్నాళ్లైనా తాత పాదం తన చేతుల్లోకి తీసుకుని చూస్తుంది.

ఇంకొకటి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో కుష్టు నయమై అవకరం మిగిలినవారు కూడా ఉన్నారు. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం క్యాంపులో చూపించి, నలభై శాతం గానీ ఆపైన గానీ వస్తే వికలాంగుల పింఛన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2023 జూలై నుంచి అది నెలకు 4,016 రూపాయలు. ఆ డబ్బు ఆయన చేతికే ఇవ్వండి. మనుమరాలి పెళ్లికి చీర కొనాలని ఆయనకూ ఉంటుంది.

ఇక మగపిల్లవాడి వాళ్లకు ఏం చెప్పాలి? ఉన్నది చెప్పాలి. చూడటానికి వచ్చిన రోజు తెల్ల ధోతి కట్టించి ఆయన్ను ముందు గదిలో కుర్చీలో కూర్చోబెట్టండి. "పిల్ల తాత. ముప్పై ఏళ్ల కింద కుష్టు అయింది, మందులు వాడాడు, తగ్గింది, చేతికి ఆ గుర్తు మిగిలింది" అని నాలుగు ముక్కల్లో చెప్పండి. గుసగుసగా చెప్పొద్దు, మామూలు గొంతుతో చెప్పండి. వాళ్లకు అనుమానాలుంటే ఏ ప్రభుత్వ డాక్టరునైనా అడగమనండి. నా దగ్గరకు పంపినా సరే, గంట కూర్చుని చెబుతాను. ఆ మాటకు లేచిపోయే వాళ్లు, దాచిపెట్టి పెళ్లి చేస్తే రేపు తెలిసినప్పుడు మీ బిడ్డను వదిలిపెడతారా? చట్టం కూడా ఈ విషయంలో చాలా ఆలస్యంగా కళ్లు తెరిచింది. భార్యాభర్తల్లో ఒకరికి కుష్టు ఉంటే విడాకులు అడగవచ్చనే మాటను 2019లో తీసేశారు. రోగులను పట్టుకెళ్లి విడిగా ఉంచడానికి ఇంగ్లీషువాళ్లు 1898లో చేసిన చట్టం 2016లో గానీ రద్దు కాలేదు.

మన నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టరమ్మ ఇసబెల్ కెర్ 1915లో కుష్టు దవాఖాన పెట్టింది. సరైన మందు లేని రోజులు. ఒక రకం గింజల నూనెను ఇంజెక్షన్‌గా ఇచ్చేవారు. ఊరు వెళ్లగొట్టినవాళ్లకు అక్కడ నీడ దొరికింది. మందు లేనప్పుడు భయపడి దూరం పెట్టారంటే నేను అర్థం చేసుకోగలను. మందు వచ్చి, వాడి, జబ్బు పోయి ముప్పై ఏళ్లయ్యాక కూడా షెడ్డు ఎందుకుంది?

మీ ఆడిబిడ్డ మీద కోపం పెట్టుకోకు. ఆమె ఆయన కడుపున పుట్టిన బిడ్డ. నాన్నకు ఆ జబ్బు వచ్చినప్పుడు బడిలో ఆమె పక్కన ఎవరైనా కూర్చున్నారా, ఆమె పెళ్లప్పుడు ఏమేం దాచారు, అత్తగారింట్లో ఎన్నేళ్లు భయపడుతూ బతికింది? ఒకరోజు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని అడుగు. తండ్రిని పంపించెయ్యమంటున్నది నీ బిడ్డకు తన గతి పట్టకూడదనే అయి ఉంటుంది.

ప్రశ్న: మా తమ్ముడు హన్మకొండలో హాస్టల్‌లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. పెదవుల చుట్టూ, చేతివేళ్ల మీద తెల్ల మచ్చలు వచ్చాయి. గదిలో ఎవరూ పక్కన పడుకోవడం లేదట. అది కుష్టేనా?

జవాబు: నువ్వు రాసిన దాన్ని బట్టి అది బొల్లి కావచ్చు. బొల్లి ఏ క్రిమి వల్లా రాదు, ఎవరికీ అంటదు. చర్మానికి రంగునిచ్చే కణాలు దెబ్బతినడం వల్ల ఆ మచ్చలు పాలలా తెల్లగా ఉంటాయి, స్పర్శ మామూలుగానే ఉంటుంది. కుష్టు మచ్చ అంత తెల్లగా ఉండదు, కాస్త పాలిపోయి గానీ ఎర్రగా గానీ ఉంటుంది, దురద పెట్టదు, దాని మీద స్పర్శ తగ్గుతుంది. కళ్లు మూసుకోమని దూది కొసతో మచ్చను తాకి "ఎక్కడ తగిలిందో వేలు పెట్టు" అంటే తేడా తెలుస్తుంది. మేం ఇళ్లిళ్లూ తిరిగి చేసిన పరీక్ష అదే. అయినా చర్మవ్యాధుల డాక్టరుకు చూపించి తేల్చుకోండి. వరంగల్ ఎంజీఎం దవాఖానలో ఓపీ ఉంటుంది. అంటదని డాక్టరు చేత కాగితం మీద రాయించి, దాన్ని వార్డెన్ ఆ గది పిల్లల ముందు చదివేలా చూడు. పిల్లల్లో ఒక్కడు పక్కన మంచం వేసుకుంటే మిగతావాళ్ల భయం పోతుంది.

ప్రశ్న: నేను నర్సంపేట దగ్గర ఒక ఊళ్లో యువజన సంఘం సభ్యుణ్ని. మా ఊళ్లో కులం పట్టింపులు ఎప్పుడో పోయాయి. అందరం కలిసే ఉంటాం. మీరు ప్రతి నెలా ఈ పేజీలో కులం పట్టింపుల గురించే రాయడం వల్ల పాత గాయాలు కెలికినట్టు అవుతుంది కదా?

జవాబు: తమ్ముడూ, మర్యాదగా అడిగావు, నేనూ అట్లాగే చెబుతాను. మీ ఊళ్లో నిజంగానే పోయి ఉండవచ్చు. అయితే ఈ మాట నువ్వొక్కడివే చెబితే సరిపోదు. మాదిగవాడకు, మాలవాడకు పోయి అక్కడి ముసలామె ఎవరితోనైనా ఇదే మాట అను. ఆమె ఏమంటుందో నాకు రాయి. గాయం పాతదా కొత్తదా అన్నది అది ఉన్నవాళ్లే చెప్పాలి.

చాయ్ హోటల్‌కు పోయి ఒక గంట కూర్చో. రెండు గ్లాసుల పద్ధతి పోయిందని అందరూ అంటారు. నేను ఉద్యోగంలో తిరిగిన రోజుల చివరలో, ఒక హోటల్‌లో కొందరికి గాజు గ్లాసు, కొందరికి అడగకుండానే ప్లాస్టిక్ గ్లాసు ఇవ్వడం చూశాను. ఎవరికీ ఒక్క మాట అననక్కరలేదు. తాగి పారేసే గ్లాసు కాబట్టి కడిగే బాధ లేదంటారు. ఎవరి గ్లాసు కడగడం బాధ అయిందో గమనించాలి. కటింగ్ షాపు, గుడి అరుగు, బొందలగడ్డ దగ్గర కూడా ఇట్లాగే చూడు. మన రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టంలో హోటల్‌లో పెట్టిన పాత్రలు వాడుకోనివ్వకపోవడం, శ్మశానంలోకి రానివ్వకపోవడం నేరాలుగా విడివిడిగా రాసి ఉన్నాయి. గ్లాసు గురించి చట్టంలో రాయాల్సి వచ్చిందంటే ఆలోచించు. సాంఘిక బహిష్కరణను ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందికి తెచ్చిన సవరణ అమల్లోకి వచ్చింది మొన్నమొన్న, 2016 జనవరి 26న.

మీ సంఘంలో ఎంతమంది సభ్యులు, ఏ ఏ వాడల వాళ్లు? గణపతి దగ్గర డప్పు కొట్టేవాళ్లు చందా రాసే పుస్తకం కూడా పట్టుకుంటారా? ఇవి నిలదీయడానికి అడగడం లేదు, నిజంగా తెలుసుకోవాలని ఉంది. రాయి.

ప్రశ్న: నాకు రాయడం రాదు. పక్క గుడిసె పిల్లగాడితో రాయిస్తున్నాను. మేం బుడగ జంగాలం. వరంగల్ శివారులో గుడిసెలు వేసుకుని ఉంటున్నాం. ప్లాస్టిక్ సామాన్లు అమ్ముతాం. నా బిడ్డకు పదేళ్లు. ఒక బడికి తీసుకుపోతే పుట్టిన సర్టిఫికెట్ లేదు, టీసీ లేదు, ఒకటో తరగతిలో కూర్చునే వయసు కాదు అని పంపేశారు. మళ్లీ పోవాలంటే పిల్ల ఏడుస్తోంది.

జవాబు: అన్నా, ఆ బడివాళ్లు చెప్పిన మూడు మాటల్లో ఒక్కటి కూడా చెల్లదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు హక్కు అని 2009లో చట్టం చేశారు. వయసు రుజువు కాగితం లేదని ఏ పిల్లనూ చేర్చుకోకుండా ఉండకూడదని 14వ సెక్షన్‌లో ఉంది. టీసీ లేదని కూడా ఆపకూడదు. ఎప్పుడూ బడికి పోని పిల్లను ఒకటో తరగతిలో కాదు, వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకుని, మిగతా పిల్లలను అందుకునేలా ప్రత్యేకంగా చదువు చెప్పాలని 4వ సెక్షన్ చెబుతుంది. పదేళ్ల పిల్ల తన ఈడు పిల్లల మధ్యనే కూర్చోవాలి. ఈ పేజీని కత్తిరించి పట్టుకుని మండల విద్యాధికారి దగ్గరికి పోండి. నోటిమాటగా వదిలేయకుండా దరఖాస్తు రాసిచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోండి. మీకు ఉత్తరం రాసిపెట్టిన పిల్లగాణ్నే దరఖాస్తు రాయమనండి, చక్కగా రాస్తాడు. ఒక్కరే పోవడానికి జంకైతే పత్రిక ఆఫీసుకు కబురు పెట్టండి, నేను వెంట వస్తాను.

పుట్టిన తేదీ కాగితం కూడా చేయించుకోవాలి. ఏడాది దాటిన జననాన్ని ఆర్డీవో ఉత్తర్వుతో నమోదు చేస్తారు. కుల ధ్రువపత్రానికి మీసేవలో పెట్టుకోండి. ఎందుకు తొందర పెడుతున్నానంటే, ఎస్సీల వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పాక, మన రాష్ట్రంలో 2025 ఏప్రిల్ 14 నుంచి 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేశారు. అన్నిటికన్నా వెనకబడిపోయిన 15 కులాలు మొదటి గ్రూపులో ఉన్నాయి, వాటికి ఒక శాతం రిజర్వేషన్ కేటాయించారు. బుడగ జంగం, దక్కలి, మాస్టి, మాంగ్ అందులోనివే. ఇన్నేళ్లు మీ వాటా పేరుకే ఉంది. ఇప్పుడు విడిగా లెక్క కట్టారు గానీ, చేతిలో కాగితం లేకపోతే ఆ ఒక శాతం కూడా మీ గుడిసె దాకా రాదు.

పిల్ల ఏడుస్తోందన్నారు. అది నన్ను ఎక్కువ బాధపెట్టింది. నా చిన్నప్పుడు మా ఊళ్లో జంగమోళ్లు కథ చెప్పడానికి వచ్చేవారు. ఒకాయన తంబుర మీటుతూ అడుగు వేస్తుంటే, పక్కన ఇద్దరు బుడిగెలు వాయించేవారు. తెల్లవార్లూ చెప్పినా కథ ముగిసేది కాదు. ఊరంతా చుట్టూ కూర్చుని వినేది. కథ అయ్యాక మా అమ్మ చాటలో వడ్లు తెచ్చి వాళ్ల జోలెలో దూరం నుంచి పోసేది. అంత కథ విన్న మనిషి అరుగు మీద కూర్చోమని మాత్రం అనలేదు. అప్పుడు నాకు అది వింతగా అనిపించలేదు. హసన్‌పర్తి మండలంలో నాకు తెలిసిన ఒక టీచరమ్మ ఇటువంటి పిల్లలిద్దరు చేరినప్పుడు వాళ్ల తాతను బడికి పిలిపించి, తెలుగు పీరియడ్‌లో కథ చెప్పించింది. ముసలాయనకు కుర్చీ వేసింది. ఆ మరునాటి నుంచి ఆ ఇద్దరు పిల్లలు వెనక చెప్పుల దగ్గర కాకుండా మధ్య వరుసలో కూర్చున్నారు. ఈ ఉత్తరం చదివే టీచర్లు ఉంటే, మధ్యాహ్న భోజనం వరుసలో ఆ పాప పక్కన ఎవరున్నారో ఒక్కసారి చూడండి.

ప్రశ్న: మాది కాజీపేట. నా కొడుకుకు ఇరవై ఒక్కేళ్లు. చిన్నప్పటి నుంచీ ఆడపిల్లలాగే ఉండేవాడు. మూడేళ్ల కింద మా ఆయన కొడితే హైదరాబాద్ పోయాడు. ఇప్పుడు చీర కట్టుకుని ఉంటున్నాడు. దొంగచాటుగా ఫోన్ చేస్తాడు. బతుకమ్మకు రావాలని ఉందంటున్నాడు. చిన్నప్పుడు గునుగు పూలకు రంగులద్దే పని అంతా వాడే చేసేవాడు. వాడు వస్తే తాము మా ఇంటి గడప తొక్కబోమని మా మరుదులు అంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. నా బిడ్డను నేను ఎట్లా పిలుచుకోవాలి?

జవాబు: అమ్మా, ఉత్తరం అంతా కొడుకు అని రాసి, చివరికి వచ్చేసరికి నా బిడ్డ అన్నారు. మన దిక్కు బిడ్డ అంటే ఆడపిల్ల. మీ చెయ్యి తెలియకుండా రాసిన ఆ మాటనే పట్టుకోండి. ఫోన్‌లో ఒక్కసారి "బిడ్డా" అని పిలవండి. మూడేళ్లుగా ఆ పిల్ల ఎదురుచూస్తున్నది దానికే.

మీ మరుదులకు వేములవాడ తెలిసే ఉంటుంది. శ్రీరామనవమి నాడు అక్కడ రాములోరి లగ్గం జరుగుతుంటే శివపార్వతులు, అంటే మీ బిడ్డలాంటి వాళ్లు, జోగినులు, తలంబ్రాలు పోసుకుంటారు. జనం వాళ్ల చేత నెత్తిన అక్షింతలు వేయించుకోవడానికి ఎగబడతారు. అక్కడ చేతులెత్తి మొక్కి, ఇంటికొచ్చి సొంత బిడ్డ వస్తే గడప తొక్కబోమంటే రాజన్న మెచ్చుతాడా అని పెద్ద మరిదినే నెమ్మదిగా అడగండి. వాదన పెట్టుకోకండి. అడిగి ఊరుకోండి.

సర్కారు కూడా వాళ్లను శతాబ్దం పాటు ఇట్లాగే చూసింది. నిజాం కాలంలో ఫస్లీ 1329లో, అంటే 1919 ప్రాంతంలో, చేసిన చట్టం ప్రకారం ఆడవేషంలో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు, వాళ్ల పేర్లు రిజిస్టరులో రాసుకోవచ్చు. దాన్ని 2023 జూలైలో మన హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛన్లు ఇవ్వాలని కూడా చెప్పింది. వాళ్లు సమాన పౌరులని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్‌లోనే చెప్పింది. 2019లో చేసిన చట్టంలో, ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదని, పుట్టింట్లో ఉండే హక్కు ఉందని రాసి ఉంది. ఇంట్లో చట్టం మాటలు ఎత్తమని చెప్పడం లేదు. మీరు తప్పు చేస్తున్నారేమోనన్న భయం మీకు ఉండకూడదని చెబుతున్నాను.

మీ ఆయన గురించి ఒక్క ముక్కే రాశారు, కొట్టాడని. ఆయన మూడేళ్లుగా ఆ పిల్ల పేరు ఎత్తకపోవచ్చు. పండక్కి ముందే ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఆయన వినేలా మాట్లాడండి. ఆయన లేచి బయటికి పోయినా ఆగకండి, మరునాడు మళ్లీ అట్లాగే చేయండి. తండ్రుల సంగతి నాకు తెలుసు. కొన్నాళ్లకు తలుపు అవతల నిలబడి వింటారు.

ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు. మొదటి రోజే అంతమంది కళ్లు ఆ పిల్ల మీద పడితే తట్టుకోవడం కష్టం. నాలుగైదు రోజులు ముందు రమ్మని, ఇంటి ముందు చిన్న బతుకమ్మతో మొదలుపెట్టండి. వాడకట్టులో మీ మాట వినే ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు, వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. వాళ్లు వచ్చి చప్పట్లు కలిపితే మిగతావాళ్ల నోళ్లు కొంత మూతబడతాయి. మరుదులు రాకపోతే ఈ ఏడు రాకపోనివ్వండి. సద్దులు మాత్రం వాళ్ల ఇళ్లకు పంపించండి, మీ బిడ్డ చేతనే కట్టించండి.

తంగేడు పూలకు తెల్లవారకముందే పోవాలి కదా. ఆమెను వెంట తీసుకుపోండి. గునుగుకు రంగులద్దే పని మాత్రం ఇంకెవరికీ ఇవ్వకండి.